కయాక్ మీద చేపల వేట: ముందు పడటం, తర్వాతే పట్టడం

నా మొదటి కయాక్ నీళ్ల మీద బతికింది పదకొండు నిమిషాలు. తెడ్డుతో నడిపే ఆ సన్నటి చిన్న పడవ ప్రాణం తీసింది సర్కారు తుమ్మ ముల్లు.

గత ఏడాది ఆగస్టు నాటి మాట. నేను ఉండేది హనుమకొండలో. మా అమ్మమ్మగారి ఊరు పరకాల వైపు, ఆ ఊరికి ఒక పెద్ద చెరువు. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ కట్ట మీదే గడిచాయి. వెదురు కర్ర, నైలాన్ దారం, నెమలి ఈక కాడతో చేసిన బెండు, కొబ్బరి చిప్పలో తడిమట్టి, అందులో వానపాములు. నలభై దాటాక ఆ సరదా మళ్లీ పట్టుకుంది. ఈసారి రాడ్డు, రీలు అన్నీ కొన్నాను. కానీ నా దారం ఎంత దూరం పడుతుందో చేపలకు ఎవరో ముందే చెప్పినట్టు, సరిగ్గా దానికి పది గజాల అవతల ఎగిరేవి. తామరాకుల అంచున కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చి గుటుక్కుమని మునిగిన చప్పుడు వినిపించేది. వినడం వరకే నా వంతు.

గోవాలో ఒకసారి అద్దె కయాక్‌లో అరగంట తిరిగాను కాబట్టి ఉపాయం తట్టింది. గాలి నింపుకునే కయాక్ ఒకటి తెప్పించాను. మడిస్తే కారు డిక్కీలో పడుతుంది, బరువు పది కిలోల లోపు, పంపు కూడా వాళ్లే ఇచ్చారు. వంక పెట్టడానికి ఏమీ కనిపించలేదు. వానలకు చెరువు నిండుతోంది. నిండుతున్న చెరువంటే ఏమిటో మాత్రం మరిచిపోయాను. ఎండాకాలం చెరువు లోపలి శిఖం భూమిలో ఏపుగా పెరిగిన సర్కారు తుమ్మ పొదలు అప్పటికి నీళ్ల కింద ఉంటాయి, పైకి ఆకు కూడా కనిపించదు. ఒడ్డు నుంచి కాస్త దూరం వెళ్లానో లేదో కింద బుస్సుమంది. పామనుకుని కాళ్లు పైకి లాక్కున్నాను. పాము కాదు, కయాక్ అడుగు. పక్క గొట్టాలు రెండూ గట్టిగా ఉండబట్టి మునగలేదు గానీ, అది నడుమ మడతపడి నన్ను మసాలా దోసెలో కూరలా చుట్టేసింది. నడుంలోతు బురదలో దాన్ని ఈడ్చుకుంటూ బయటికి వస్తుంటే కట్ట మీద బీడీ కాలుస్తున్న పెద్దాయన అడిగాడు.

"ఏమిటి సార్ అది, పరుపా?"

గాలి కయాక్‌లు పనికిరావని అనను. ఇసుక ఒడ్డున హాయిగా ఉంటాయి. మన చెరువుల్లో మాత్రం తుమ్మ ముళ్లు, పగిలిన సీసాలు, కట్టకు పేర్చిన రాళ్ల అంచులు, ఇవి చాలవన్నట్టు జెల్ల చేప ముల్లు. సైకిల్ షాపు అబ్బాయి అతుకు వేసి ఇచ్చాడు. ఇప్పుడది మేడ మీద పిల్లలు ఆడుకునే నీళ్ల తొట్టి.

గట్టి ప్లాస్టిక్ కయాకే కొనాలని తేల్చుకున్నాక అసలు చదువు మొదలైంది. ఇవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకదాంట్లో లోపల కూర్చుంటాం, కాళ్లు పడవ పొట్టలో ఉంటాయి. రెండోదాంట్లో పైన కూర్చుంటాం. లోపల కూర్చునేది తిరగబడితే బకెట్‌లా నీళ్లు నింపుకుంటుంది. నడిచెరువులో వాటిని తోడిపోసి మళ్లీ ఎక్కడం ఒంటరి మనిషికి, అందులోనూ కొత్తవాడికి అయ్యే పని కాదు. పైన కూర్చునేది అన్ని వైపులా మూసిన డొల్ల. బోర్లాపడినా తేలుతుంది, తిప్పుకుని ఎక్కవచ్చు. చేపల కోసం వెళ్లేవాడు ఎప్పుడో ఒకప్పుడు పడక తప్పదు కాబట్టి నేను రెండోదానికే ఓటు వేశాను. అందులో కూర్చునేచోటు నీటిమట్టం కంటే ఎత్తులో ఉంటుంది. మీద పడ్డ నీళ్లు కిందికి పోవడానికి అడుగుదాకా రంధ్రాలు పెడతారు. మా ఊళ్లో ఆ రంధ్రాల్లో వేలు పెట్టి చూసి, "చిల్లులు పడ్డది అంటగట్టారు మీకు" అని జాలిపడని మనిషి లేడు.

పొడవు పెరిగేకొద్దీ కయాక్ వేగంగా, తిన్నగా పోతుంది. వెడల్పు పెరిగితే నిలకడ వస్తుంది, వేగం తగ్గుతుంది. కొత్తవాళ్లకు 10 నుంచి 12 అడుగుల పొడవు, 30 అంగుళాలకు తగ్గని వెడల్పు బాగుంటాయి. బరువు ఎంత మోయగలదో కంపెనీ రాస్తుంది గానీ, ఆ అంకె మునగడానికి కాస్త ముందున్న అంకె అనుకోవాలి. అందులో మూడింట రెండు వంతులకు మించకుండా చూసుకుంటే కయాక్ చెప్పిన మాట వింటుంది. నేను 82 కిలోలు, సామాను మరో పది. హైదరాబాద్‌లో ఒకరి దగ్గర 10 అడుగుల పొడవు, 31 అంగుళాల వెడల్పు, 26 కిలోల బరువు ఉన్న పాతది 22,000 రూపాయలకు దొరికింది. 140 కిలోలు మోస్తుందని దాని మీద రాసి ఉంది. పాతది కొనేవాళ్లు చీకటి పడ్డాక వెళ్లండి. మూత తీసి పొట్టలో ఫోను లైటు పెట్టి బయటి నుంచి చూస్తే, పగులుంటే సన్నని వెలుగు గీత కనిపిస్తుంది. అడుగున గీతలు ఎన్నున్నా ఫరవాలేదు, రెండు కొసల్లో ప్లాస్టిక్ అరిగి పలచబడిందేమో మాత్రం వేలితో నొక్కి చూడాలి.

దాన్ని కారు మీద కట్టుకుని వచ్చిన ప్రయాణం మరొక కథ. భువనగిరి దాటేసరికి బెల్టు గాలికి నాదస్వరం ఎత్తుకుంది. కారు ఆపి, బెల్టుకు మధ్యలో ఒక్క మెలిక వేసి కట్టగానే నోరు మూసుకుంది. జనగామలో టీ తాగుతుంటే ఒకాయన చుట్టూ తిరిగి చూసి, గేదెలకు కుడితి తొట్టి ఇలాంటిదే కావాలని, ధర ఎంతని అడిగాడు.

కయాక్ వచ్చింది గానీ చెరువు దొరకాలి కదా. కాకతీయుల పుణ్యమా అని వరంగల్ చుట్టూ నీళ్లకు కొదవ లేదు. పాఖాల ఉంది, గణపతిదేవుడి కాలం నాటి చెరువు, ఆ నీళ్లు చూస్తే తెడ్డు వేయాలని ఎవరికైనా చేతులు దురదపెడతాయి. అయితే అది అభయారణ్యం, పైగా అందులో మొసళ్లున్నాయి. లక్నవరంలో టికెట్ కొని పర్యాటక శాఖ పడవ ఎక్కవచ్చు, మన సొంత పడవ, సొంత గాలం సంగతి వేరు. వడ్డేపల్లి, ధర్మసాగరం నగరానికి తాగునీళ్లు నిల్వ చేసేవి. తిరిగి తిరిగి మళ్లీ అమ్మమ్మగారి ఊరి చెరువే గతి అయింది.

ఊరి చెరువులో చేపలు దేవుడివి అనుకునే పట్నవాసులు చాలామంది ఉన్నారు, నేనూ అందులో ఒకణ్ని. అవి మత్స్య సహకార సంఘానివి. 2016-17 నుంచి ప్రభుత్వం చేపపిల్లలను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. చెరువు నిండాక రవ్వ, బొచ్చె, మోసు పిల్లలను వదులుతారు. నెలల తరబడి కాపలా కాసి, ఎండాకాలం నీళ్లు తగ్గాక అందరూ కలిసి వలలు లాగి పంచుకుంటారు. అంటే చెరువులో తిరిగే ప్రతి రవ్వా ఎవరో ఒకరి ఇంటి ఖర్చు. ఈ సంగతి నాకు చెప్పింది బీడీ పెద్దాయనే. ఆయన ఆ సంఘానికి ఒకప్పుడు అధ్యక్షుడట. అనుమతి అడగడానికి వెళ్తే ముందు నా పుట్టుపూర్వోత్తరాలు అడిగాడు.

"చింతచెట్టు ఇంటి ఆడబిడ్డ కొడుకువా? మరి ముందే చెప్పవద్దా మనవడా!"

సార్ అన్న పిలుపు అక్కడితో ఆగిపోయింది. నేనూ తాతా అనడం మొదలుపెట్టాను. చుట్టరికం కలిసిందని షరతులేమీ తగ్గలేదు. రవ్వ, బొచ్చె, మోసు పడితే అక్కడికక్కడే వదిలేయాలి. జిలేబీలు (తిలాపియా చేపలు) ఎన్ని పట్టుకుపోయినా అభ్యంతరం లేదు, పిల్లలు పెట్టి చెరువంతా నింపేస్తాయవి. కొర్రమీను పడితే సంఘానికి చూపించి, వాళ్ల ధర ఇచ్చి తీసుకెళ్లాలి. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద ఉడుకుతున్నట్టు కనిపిస్తే ఆ చుట్టుపక్కల గాలం వేయకూడదు, కొర్రమీను తల్లీతండ్రీ వాటి కిందే కాపలా ఉంటాయి. ఖాళీ నీళ్ల సీసాలు వరసగా తేలుతుంటే వాటి కింద వల ఉన్నట్టు, దాని మీదుగా వెళ్లకూడదు. తూము తెరిచిన రోజు తూము వైపు, చెరువు నిండి మత్తడి దూకుతున్న రోజు మత్తడి వైపు కన్నెత్తి చూడకూడదు. అన్నీ అయ్యాక నా కయాక్‌లో చూసి అడిగాడు.

"తేలే జాకెట్ ఏది?"

"నాకు ఈత వచ్చు తాతా. సొరకాయ బుర్ర కట్టుకుని మీ ఊరి మోటబావిలోనే నేర్చుకున్నాను."

"ఈత వచ్చినవాళ్లే మునుగుతారు. రానివాడు దిగడు కదా. చెరువులో శవం తేలితే నెల రోజులు మా చేపలు ఎవరూ కొనరు."

ఇంత సూటిగా చెప్పిన భద్రతా సూత్రం నాకు ఏ వీడియోలోనూ కనిపించలేదు. ఈ షరతులన్నీ సంఘం తీర్మానాల పుస్తకంలో రాయించి సంతకం పెట్టాను.

జాకెట్ కొనేటప్పుడు బోటు షికార్లలో తగిలించే నారింజ రంగు దిండ్ల జోలికి వెళ్లకండి. కూర్చుంటే గడ్డం కిందికి ఎగదన్నుతాయి, తెడ్డు వేద్దామంటే భుజాలు తిరగవు. కయాక్ కోసం కుట్టినవాటికి చంకల దగ్గర ఖాళీ ఎక్కువ, వీపు కింది భాగం పలచన. ఈత వచ్చినవాళ్లకు 50 న్యూటన్ల తేలుడు శక్తి ఉన్నది సరిపోతుంది. రానివాళ్లకు 100 న్యూటన్లది కావాలి, దాంతోపాటు ముందుగా ఈత పాఠాలూ కావాలి. బిగించాక భుజాల పట్టీలు పట్టుకుని ఎవరితోనైనా పైకి లాగించండి. చెవులదాకా వస్తే అది మీ సైజు కాదు. నా మొత్తం ఖర్చులో ఒక్క రూపాయి కూడా దండగ అనిపించనిది ఇదొక్కటే.

సద్దుల బతుకమ్మ మర్నాడు పొద్దున మా బావమరిదిని వెంటబెట్టుకుని చెరువుకు వెళ్లాను. గాలం తీసుకెళ్లలేదు, కావాలనే. ఆ రోజు చెరువు చూడాల్సిందే. రాత్రి సాగనంపిన బతుకమ్మలు విడిపోయి తంగేడు పసుపు, గునుగు తెలుపు, రంగుల్లో ముంచిన గునుగు ఎరుపు, నీలం, అన్నీ గాలి వాటున కట్ట పక్కకు చేరి గొంగడి పరిచినట్టున్నాయి. తెడ్డు ఎత్తినప్పుడల్లా దాని అంచున రెండు తంగేడు పూలు వేలాడేవి.

వచ్చింది పూల కోసం కాదు, పడటం కోసం. ఛాతీలోతు నీళ్లలోకి వెళ్లి కావాలని ఒక పక్కకు ఒరిగాను. కయాక్ చాలాసేపు ఒప్పుకోలేదు, ఆ తర్వాత ఒక్కసారిగా వదిలేసింది. నీళ్లలోంచి తల పైకెత్తి చూస్తే దాని నున్నటి అడుగు, దాని మీద ఒక గునుగు పువ్వు. తిప్పడం తేలికే. ఇటువైపు నుంచి చేయి చాపి అవతలి అంచు పట్టుకుని వెనక్కి వాలితే తిరిగిపోతుంది. ఎక్కడమే గండం. గోడ ఎక్కినట్టు రెండు చేతులా పైకి లాక్కుంటే కయాక్ మళ్లీ నా నెత్తిన బోర్లించుకుంది. నాలుగుసార్లు అదే తంతు. బావమరిది ఒడ్డున నవ్వలేక చచ్చాడు.

ఐదోసారికి గాని కిటుకు తెలియలేదు. పైకి ఎక్కకూడదు, అడ్డంగా పాకాలి. ముందు కాళ్లను వెనక్కి చాచి నీటి మీదికి తేల్చి, కప్పలా తన్నాలి. శరీరం నీటికి సమంగా రాగానే కయాక్‌ను పొట్ట కిందికి లాక్కోవాలి. పొట్ట దాని మధ్యకు చేరాక వెల్లకిలా తిరిగి పిరుదులు సీట్లోకి దించాలి. ఆఖరున కాళ్లు. పొట్ట, పిరుదు, పాదం. ఈ వరస తప్పితే మళ్లీ స్నానమే. జాకెట్ ముందు జేబులో పట్టకారు పెట్టుకున్నాను, పాకేటప్పుడు అది అంచుకు తట్టుకుని వెనక్కి లాగింది. అప్పటి నుంచి ముందు జేబుల్లో విజిల్ తప్ప ఏమీ పెట్టను. మధ్యాహ్నానికి పదకొండు సార్లు పడ్డాను, ఆఖరుసారి నిమిషం లోపే ఎక్కి కూర్చున్నాను. మరుసటి రోజు కప్పు ఎత్తడానికి కూడా భుజాలు సహకరించలేదు.

తర్వాతి రెండు నెలలు ప్రతి ఆదివారం తెడ్డు మాత్రమే. మొదటి మూడు ఆదివారాలు దాన్ని తిరగేసి పట్టుకున్నానని నాలుగో వారం తెలిసింది. రేకు గుంటగా ఉన్న వైపు మన వైపు ఉండాలి. పొడవు కూడా తప్పే, 220 సెంటీమీటర్లది కొన్నాను. 31 అంగుళాల వెడల్పున్న కయాక్‌కు అది చాలక, నీటికి అందడానికి వంగినప్పుడల్లా వేళ్ల కణుపులు అంచుకు కొట్టుకునేవి. 240కి మారాక చేతులు బాగుపడ్డాయి. ఇంకొక సంగతి, తెడ్డు చేతులతో లాగేది కాదు. నడుం తిప్పితే చేతులు దాని వెంట పోతాయి. ఇది అర్థమయ్యాక అవతలి ఒడ్డుకు వెళ్లి రావడానికి పట్టే సమయం సగానికి తగ్గింది, ఆయాసం అంతకంటే తగ్గింది. బయలుదేరేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లడం అలవాటు చేసుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు అలసిపోయి ఉంటాం, గాలే ఇంటికి తోస్తుంది. మా చెరువు మీద ఉదయం తొమ్మిది దాకా నీళ్లు అద్దంలా ఉంటాయి, ఆ తర్వాత కథ మారుతుంది.

సంక్రాంతికి గాలం బయటికి తీశాను. ఒడ్డున వాడే 9 అడుగుల రాడ్డుతో మొదటి జిలేబి పడింది, పడ్డాక దాన్ని అందుకోవడం నా వల్ల కాలేదు. కూర్చున్నచోటి నుంచి రాడ్డు కొస ఎక్కడో ఉంటుంది, చేప ఆ కొస కింద గిలగిలలాడుతుంటుంది, మన చేయి మధ్యలో గాలిని పట్టుకుంటుంది. ఇప్పుడు వాడేది దాదాపు 7 అడుగుల రాడ్డు. అంతకంటే పొట్టిదైతే చేప కయాక్ ముక్కు చుట్టూ తిరిగి అవతలికి వెళ్లినప్పుడు దారం కయాక్‌కు రాసుకుంటుంది. దానికి 2500 సైజు స్పిన్నింగ్ రీలు, తామరాకుల్లో పని కాబట్టి 30 పౌండ్ల లాగుడు తట్టుకునే అల్లిక దారం. ముడి పలోమర్ ఒక్కటే నేర్చుకున్నాను. దారాన్ని జంట చేసి గాలం కంట్లో దూర్చి, వదులుగా ఒక ముడి వేసి, ఆ ఉచ్చులోంచి గాలాన్ని దాటించి, తడిపి బిగించాలి. కళ్లజోడు లేకపోయినా వేయగలను, ఇది ఎంత అవసరమో ముందు ముందు తెలుస్తుంది. గాలం కొన దగ్గరి ఎదురుముల్లును పట్టకారుతో నొక్కేశాను. రవ్వలను ఎలాగూ వదలాలి, పైగా ఇరుకుచోట కూర్చుని గిలగిలలాడే చేప నోట్లో వేలు పెట్టేవాడికి ఎదురుముల్లు శత్రువు.

మొదట్లో ఎగబడి కొన్నవాటిలో సగం అటక మీదున్నాయి. మూడు రాడ్ హోల్డర్లకు ఒకటి చాలింది. ఎరల పెట్టెలో నలభై రకాలుంటే నేను వాడేవి రెండు, రబ్బరు కప్ప, గోధుమపిండి ముద్ద. చేప పట్టే చిన్న వల, పట్టకారు, తాళ్లు కోసే కత్తి, నీళ్లు దూరని సంచిలో ఫోను, రెండు లీటర్ల మంచినీళ్లు, పొడుగు చేతుల చొక్కా, టోపీ. తెడ్డును కయాక్‌కు కట్టే తాడు వీటన్నిటికంటే ముందు. వెనక భాగంలో పాల ప్యాకెట్ల ట్రే ఒకటి కట్టాను, సామానంతా అందులోనే.

మార్చి మొదటివారంలో, ఏడుంబావుకు, ఆ గుటుక్కు మళ్లీ వినిపించింది. ఈసారి నాకూ దానికీ మధ్య పదిహేను అడుగులే. రబ్బరు కప్పను ఆకుల మీద పడేసి, రెండుసార్లు కదిపి, అంచు నుంచి నీళ్లలోకి జార్చాను. నీళ్లు పైకి లేచి మూసుకున్నాయి. వెంటనే లాగితే కప్ప ఒక్కటే తిరిగి వస్తుందని అప్పటికి మూడుసార్లు అనుభవమైంది. ఒకటి, రెండు అని లెక్కపెట్టి రాడ్డును ఒక్కసారిగా గుంజాను. రాడ్డు వంగింది, చేప రాలేదు, నేనే వెళ్లాను. నీటి మీద తేలే పడవను లాగడం కిలోన్నర చేపకు కూడా లెక్క కాదు. కయాక్ ముక్కు వెళ్లి తామర కాడల్లో ఇరుక్కుంది. అదే మంచిదైంది, కయాక్ కదలకుండా నిలిచింది. ఒళ్లో ఉన్న తెడ్డు జారి తాడు మీద వేలాడింది. తల కయాక్ అంచు దాటి బయటికి పోకూడదన్న ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని, రాడ్డును ముందుకు తిప్పి, నిమిషంలో వలలోకి తెచ్చాను.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. కొర్రమీను నీళ్లు లేకపోయినా చాలాసేపు బతుకుతుంది. నా రెండు కాళ్ల మధ్య పాములా పాకి, ఎరల పెట్టె తన్నేసి, సీటు కింద దూరింది. తడిగుడ్డ దాని కళ్ల మీద వేస్తే గాని నెమ్మదించలేదు. కాటా మీద కిలో నాలుగు వందల గ్రాములు తూగింది. తాత సంఘం ధర కట్టి నా దగ్గర డబ్బు తీసుకున్నాడు, ఒక్క రూపాయి తగ్గించలేదు. నాకు బాధ కలగలేదు. చింతకాయ వేసి వండిన పులుసుకు ముందు లెక్కలు గుర్తుంటాయా?

అంతా కుదిరిందనుకున్న నెలకే చెరువు నాకు పరీక్ష పెట్టింది. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం. ఎండ మాడ్చి పడమట మబ్బు పట్టింది. చూశాను, చూసి కూడా ఇంకొక్క పది నిమిషాలు అనుకున్నాను. లంగరు వేసుకుని ఉన్నాను. లంగరంటే కిలోన్నర ఇనుప ముక్క, దాని తాడును చేతికి అందుబాటులో ఉంటుందని కయాక్ పక్కన నడుమ కట్టాను. గాలి దుమారం వచ్చింది. కయాక్ గాలితో పోబోయింది, లంగరు పోనివ్వలేదు, తాడు కట్టిన పక్క కిందికి వంగింది, అల దాని మీదుగా వచ్చింది. నేను నీళ్లలో ఉన్నానని తెలిసేలోపే నీళ్లలో ఉన్నాను.

జాకెట్ నన్ను పైకి తెచ్చింది. కయాక్ లంగరుకు కట్టి ఉంది కాబట్టి గాలికి కొట్టుకుపోలేదు. తిప్పాను. పొట్ట, పిరుదు, పాదం. మొదటిసారి జారింది, రెండోసారి కూర్చున్నాను. గుండె దడదడలాడుతోంది గానీ చేతులు వాటంతట అవే పని చేసుకుపోయాయి. ఛాతీలోతు నీళ్లలో పదకొండుసార్లు పడకపోయి ఉంటే ఆ రోజు మొదటిసారి పడేది నడిచెరువులో. రాడ్డు దాని తాడుకు వేలాడుతోంది, ఫోను సంచిలో క్షేమం. ఎరల పెట్టె పోయింది. అన్నిటికంటే, కళ్లజోడు పోయింది. దాన్ని కట్టాలని తట్టలేదు. పడమటి ఒడ్డున నా కారు, నా కంటికి అటంతా బూడిదరంగు ముద్ద, పైగా ఎదురుగాలి. ఉరుము కూడా మొదలైంది. నీటి మీద అందరికంటే ఎత్తుగా కూర్చున్నవాణ్ని నేనొక్కణ్నే. కత్తితో లంగరు తాడు కోసేసి, గాలికి వీపు ఇచ్చి, అది ఎటు తోస్తే అటే వెళ్లి తూర్పున కట్ట రాళ్లకు చేరాను. అక్కడ ఎవరో చేయి అందించారు. ముఖం కనిపించలేదు గానీ బీడీ వాసన వచ్చింది.

"జాకెట్ ఉంది కదా, చూస్తూ నిలబడ్డాను" అన్నాడు తాత. తన తెర్మాకోల్ తెప్పను మాత్రం అప్పటికే నీళ్ల అంచుకు ఈడ్చి పెట్టుకుని ఉన్నాడని తర్వాత తెలిసింది.

ఇప్పుడు లంగరు తాడు పక్కన కట్టను. బట్టలారేసే తాడుకు వాడే చిన్న కప్పీలు రెండు కొని, ముక్కు దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి బిగించి, వాటి మీదుగా తాడును గుండ్రంగా తిప్పాను. మధ్యలో ఒక రింగు. లంగరు తాడును ఆ రింగులోంచి దూర్చి, సీట్లోంచే లాగితే అది తోకదాకా వెళ్లిపోతుంది. అప్పుడు కయాక్ గాలికి అడ్డంగా కాక నిలువుగా నిలుస్తుంది. ఖర్చు మూడు వందల లోపు. నీళ్ల లోతుకు కనీసం మూడింతల తాడు వదలాలి, లేకపోతే లంగరు అడుగున పట్టదు. కళ్లజోడుకు మా అత్తగారి జోడుకున్నలాంటి తాడు కట్టాను, ఇంట్లో ఎంత నవ్వినా విప్పలేదు.

ఇది మే నెల. చెరువు నడిమి గుంతలోకి చేరింది, సంఘం వాళ్లు వలలు లాగుతున్నారు. వల కొసను లోతు వైపు తీసుకెళ్లడానికి కయాక్ పనికొస్తుందేమో చూద్దామని పోయిన ఆదివారం తాత రమ్మన్నాడు. చుట్టూ నలుగురు చూస్తుండగా పంచె ఎగగట్టి, ఏనాటి నుంచో అలవాటున్నట్టు ఎక్కి కూర్చున్నాడు. తెడ్డును ఒక పక్కే వేస్తానని, రెండో రేకు ఎందుకో తనకు అర్థం కాదని అన్నాడు. నేను కయాక్ తోక పట్టుకుని వదల్లేదు.

"వదులు మనవడా, నాకు ఈత నేర్పుతావా?"

జాకెట్ విప్పి ఆయన ముందు పెట్టాను. "వేసుకో తాతా. చెరువులో శవం తేలితే నెల రోజులు మీ చేపలు ఎవరూ కొనరు."

గట్టున ఉన్నవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. ఆయన నవ్వలేదు. బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని, ఒక చేయి దూర్చి, రెండో చేయి దూర్చి, బకిల్ ఎలా పెట్టాలో తెలియక నా వైపు తిరిగాడు.